బార్లకు అనుమతి, బంధానికి జైలు: జర్మనీ 175వ సెక్షన్ ఎలా పనిచేసింది?

1900 ప్రాంతపు బెర్లిన్ గురించి చదవడం మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా ఒక చిక్కుముడి ఎదురవుతుంది. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధం అక్కడ నేరం. శిక్షాస్మృతిలో దానికోసమే 175వ సెక్షన్ ఉండేది. అదే ఊళ్లో గే పురుషులు కలుసుకునే బార్లు పోలీసులకు తెలిసే నడిచేవి. మగవాళ్లు ఆడవేషాలు వేసుకుని నాట్యమాడే వేడుకలకు పోలీసులు వచ్చి చూసిపోయేవారే తప్ప ఎవరినీ పట్టుకునేవారు కాదు. ఆడోల్ఫ్ బ్రాండ్ అనే ఆయన గే పాఠకుల కోసం ఏకంగా ఒక పత్రికే నడిపేవాడు. చట్టం నిజంగా కఠినమైతే ఇవన్నీ ఎలా సాగాయి? సాగాయంటే చట్టం కాగితం మీదే ఉందా?

కాగితం మీదే ఉందని చాలామంది అనుకుంటారు. 1933 తర్వాత నాజీలు చేసిన ఘోరాలతో పోల్చి చూడటం వల్ల అలా అనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి మూడు దశాబ్దాల్లో ఈ చట్టం జైలుకు పంపినవాళ్లు తక్కువ, పీడించినవాళ్లు ఎక్కువ. అదెలాగో తెలియాలంటే సెక్షన్‌లోని మాటలు, కోర్టు అడిగే సాక్ష్యం, పోలీసుల రిజిస్టర్లు, బ్లాక్‌మెయిలర్ల పద్ధతులు వరసగా చూడాలి.

సెక్షన్‌లో ఏముంది

1871లో జర్మన్ రాజ్యాలన్నీ ఒక సామ్రాజ్యం కిందికి వచ్చినప్పుడు వాటిలో పెద్దదైన ప్రష్యా చట్టాన్నే అందరికీ వర్తింపజేశారు. అంతకుముందు పరిస్థితి అన్నిచోట్లా ఒకేలా లేదు. బవేరియాలో 1813లోనే ఇలాంటి సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేశారు. రెండు తరాలుగా లేని నేరం 1872 జనవరి నుంచి అక్కడ మళ్లీ పుట్టుకొచ్చింది. ఇలా జరుగుతుందని ముందే పసిగట్టిన మనిషి కార్ల్ హైన్రిష్ ఉల్రిక్స్ అనే హనోవర్ న్యాయవాది. 1867 ఆగస్టు 29న మ్యూనిక్‌లో జరిగిన న్యాయవాదుల మహాసభలో ఆయన లేచి ఈ చట్టాలు రద్దు చేయాలన్నాడు. సభ కేకలు వేసి కూర్చోబెట్టింది.

సెక్షన్ పాఠం చిన్నదే. మగవాళ్ల మధ్య గానీ, మనిషికీ జంతువుకీ మధ్య గానీ జరిగే ‘ప్రకృతి విరుద్ధ’ లైంగిక చర్యకు జైలు. దానికి తోడు పౌర హక్కులు కూడా లాగేయవచ్చు. జైలు ఒక్కరోజు నుంచి ఐదేళ్ల దాకా ఎంతైనా కావచ్చు. ఆడవాళ్ల ఊసు ఇందులో లేదు. పక్కనే ఉన్న ఆస్ట్రియా చట్టం మాత్రం ఆడవాళ్లనూ వదల్లేదు. 1909లో తయారైన ముసాయిదాతో జర్మనీ కూడా ఆ దారి పట్టబోయింది. హెలెనె స్టోకర్ లాంటి స్త్రీవాదులు గట్టిగా ఎదురు తిరిగారు. ఆ ముసాయిదా చట్టం కాలేదు.

‘ప్రకృతి విరుద్ధం’ అంటే ఏమిటో సెక్షన్ చెప్పలేదు. కోర్టులు దానికి ఇరుకైన అర్థం చెప్పాయి: సంభోగాన్ని పోలిన చర్య జరిగి ఉండాలి. ముద్దు పెట్టుకోవడం, కలిసి కాపురం ఉండటం, ప్రేమలేఖలు రాసుకోవడం, ఒకరికొకరు హస్తప్రయోగం చేసుకోవడం దీని కిందికి రావు. గే అయి ఉండటం నేరం కాదు, పదిమంది ఒక బార్లో కలవడమూ నేరం కాదు. మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం సాక్ష్యంలో ఉంది. మూసిన తలుపు వెనక ఇద్దరు ఇష్టపడి చేసిన పనికి ఫిర్యాదు చేసేవాడు ఉండడు. ఇద్దరిలో ఒకరు ఒప్పుకోవాలి, లేదా మూడో మనిషి కళ్లారా చూసి ఉండాలి. అందుకే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆరు కోట్ల జనాభా దాటిన దేశంలో ఏడాదికి శిక్షలు కొన్ని వందలకు మించలేదు. 1898 జనవరిలో సోషల్ డెమోక్రాట్ నేత ఆగస్ట్ బెబెల్ పార్లమెంటులో ఈ గుట్టే విప్పాడు. పోలీసులు తమ డ్యూటీ సరిగ్గా చేస్తే ఒక్క బెర్లిన్ నేరస్థుల కోసమే కొత్తగా రెండు జైళ్లు కట్టాల్సి వస్తుందని, పోలీసుల దగ్గరున్న పేర్లలో సమాజంలోని అన్ని అంతస్తుల వాళ్లూ ఉన్నారని ఆయన మాటల సారం.

పోలీసుల రిజిస్టర్

బెబెల్ చెప్పిన పేర్లు ఊహ కాదు. బెర్లిన్ పోలీసు శాఖలో 1885లో లెయోపోల్డ్ ఫన్ మేర్‌షైట్-హ్యుల్లెసెమ్ అనే అధికారి దీనికోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టాడు. బార్లు మూయిస్తే జనం చెల్లాచెదురవుతారు, తెరిచి ఉంచితే ఎవరు వస్తున్నారో కనిపిస్తుంది. ఇదీ ఆయన పద్ధతి. వచ్చేవాళ్ల పేర్లు రికార్డయ్యేవి. తర్వాత వచ్చిన హన్స్ ఫన్ ట్రెస్కోవ్ కాలంలో గే పురుషుల మీద నిఘా, బ్లాక్‌మెయిలర్ల వేట ఒకే విభాగం పని. ఏ వ్యవహారం ఎక్కువ ఇబ్బంది పెడుతోందో పోలీసులకు బాగా తెలుసన్నమాట.

దీన్ని ఉదారత అనుకోవడం పొరపాటు. పేరు ఎక్కాక దాన్ని కొట్టివేసే ఏర్పాటు లేదు. అధికారి మంచివాడైతే ఆ రిజిస్టర్ మూలన పడి ఉంటుంది. కాకపోతే ఏమవుతుందో 1933 తర్వాత తెలిసింది.

నెలనెలా కట్టే కప్పం

బ్లాక్‌మెయిల్ సాగే తీరు దాదాపు ఒకేలా ఉండేది. టీర్‌గార్టెన్ పార్కులోనో, రైల్వే స్టేషన్లోనో ఒక కుర్రాడు పరిచయమవుతాడు. కాస్త దూరం నడిచాక, లేదా గదికి వెళ్లాక ‘అన్న’నని ఒకడో, పోలీసునని ఒకడో ఊడిపడతాడు. మొదట అడిగేది చిన్న మొత్తమే, జేబులో ఉన్నంత. ఇచ్చాడంటే తప్పు ఒప్పుకున్నట్టే. వారానికి ఒక ఉత్తరం వస్తుంది. అది ఇంటికి కాదు, ఆఫీసుకు వస్తుంది. మొత్తం పెరుగుతూ పోతుంది. ఇచ్చే స్తోమత అయిపోయాక ఊరు వదిలిపోవడం, అమెరికా ఓడ ఎక్కడం, లేదా ప్రాణం తీసుకోవడం మిగిలేవి.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. బ్లాక్‌మెయిల్ కూడా నేరమే, దానికీ జైలే. కానీ ఫిర్యాదు చేయాలంటే దేనితో బెదిరించాడో చెప్పాలి. బ్లాక్‌మెయిలర్ బోనెక్కి అంతా బయటపెడతాడు, ఇద్దరూ జైలుకు పోతారు. ఒకవేళ జరిగింది కోర్టు లెక్కలో నేరం కాని పనే అయినా విచారణ వార్త పేపర్లో వస్తే చాలు, స్కూలు మాస్టారి ఉద్యోగం ఊడుతుంది, సైనికాధికారి పదవి పోతుంది. కోర్టులు సెక్షన్‌కు ఎంత ఇరుకు అర్థం చెప్పినా వీధిలో దానికి అర్థం చాలా పెద్దది. 1919లో వచ్చిన ఒక జర్మన్ మూకీ సినిమా సరిగ్గా ఈ కథే చెప్పింది. అందులో నాయకుడైన వయొలిన్ విద్వాంసుడు బ్లాక్‌మెయిలర్‌ను కోర్టుకు ఈడుస్తాడు, వాడికి శిక్ష పడుతుంది, తనకూ పడుతుంది, పరువు పోయి చనిపోతాడు. మరుసటి ఏడాది ఆ సినిమాను సెన్సార్ నిషేధించింది.

బ్రిటన్‌లో సంగతి ఇంకా విచిత్రం. అక్కడ సోడమీకి, అంటే గుదమైథునానికి, 1861 దాకా ఉరి ఉండేది, తర్వాత యావజ్జీవం. 1885లో మరో క్లాజు చేర్చి మగవాళ్ల మధ్య ‘తీవ్ర అసభ్యత’కు రెండేళ్ల వరకు జైలు అన్నారు. సోడమీ రుజువు కావడం కష్టం. దీనికి అంత రుజువు అక్కర్లేదు, పైగా ఇంట్లో తలుపేసుకుని చేసినా నేరమే. దానికి బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రమని పేరొచ్చింది. 1916 నాటి దొంగతనాల చట్టంలో ఇలాంటి ఆరోపణతో బెదిరించి డబ్బు గుంజేవాడికి యావజ్జీవం వరకు శిక్ష పెట్టారు. చట్టం ప్రకారం చూస్తే బెదిరించినవాడికి యావజ్జీవం, ‘అసభ్యత’కు రెండేళ్లే. అయినా భయపడింది రెండేళ్లవాడే.

పరువు నష్టం దావా అనే ఉచ్చు

పెద్దమనుషులు పడిపోయిన దారి ఒకటుంది. గే అని ఎవరైనా బహిరంగంగా అన్నారనుకోండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. దావా వేస్తే, అన్నవాడు తన మాట నిజమని రుజువు చేసుకోవడానికి సాక్షులను వెతికి తెస్తాడు. అప్పుడు దావా వేసినవాడి పడకగది కోర్టులో పరుచుకుంటుంది. రచయిత ఆస్కార్ వైల్డ్ 1895లో, తనను అలా అన్న క్వీన్స్‌బెర్రీ అనే ప్రభువు మీద దావా వేసి చిక్కుకున్నది ఇక్కడే. దావా ఆయనే వేశాడు, రెండేళ్ల కఠిన శిక్షా ఆయనకే పడింది.

జర్మనీలో ఉక్కు సామ్రాజ్యాధిపతి ఫ్రెడరిక్ ఆల్‌ఫ్రెడ్ క్రుప్ మీద 1902 నవంబర్ 15న సోషలిస్టు పత్రిక ఫోర్వెర్ట్స్ రాసింది. ఇటలీలోని కాప్రి దీవిలో ఆయన నడవడి గురించి ఆ కథనం. ఆయన కేసు పెట్టించాడు. కథనం వచ్చిన వారానికే చనిపోయాడు. 175వ సెక్షన్ రద్దు కావాలన్న పార్టీ పత్రికే అదే విషయంతో ప్రత్యర్థిని వీధికీడ్చిందని గుర్తుంచుకోవాలి. రాజకీయాల్లో సూత్రం ఒకటి, అందివచ్చిన ఆయుధం ఒకటి.

అయిదేళ్ల తర్వాత ఇంతకు మించిన గొడవ. జర్నలిస్టు మాక్సిమిలియన్ హార్డెన్ తన పత్రికలో కైజర్ (జర్మన్ చక్రవర్తి) ఆంతరంగికుల మీద గురిపెట్టాడు. ఆయనకు అసలు కోపం వాళ్ల విదేశాంగ విధానం మీద. కొట్టిన దెబ్బ మాత్రం పడకగది మీద. బెర్లిన్ సైనికాధిపతి కూనో ఫన్ మోల్ట్‌కే దావా వేశాడు. 1907 అక్టోబర్ విచారణలో విడాకులిచ్చిన భార్య సాక్ష్యం చెప్పింది. డాక్టర్ మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ నిపుణుడిగా వచ్చి మోల్ట్‌కే స్వభావం స్వలింగాసక్తేనన్నాడు. హార్డెన్ నిర్దోషి అన్నారు. తర్వాత ఆ విచారణే చెల్లదని కొట్టేసి మళ్లీ జరిపారు. ఈసారి హిర్ష్‌ఫెల్డ్ మాట వెనక్కి తీసుకున్నాడు, హార్డెన్‌కు నాలుగు నెలల జైలు పడింది.

హార్డెన్ ఆగలేదు. కైజర్‌కు అత్యంత సన్నిహితుడైన ప్రిన్స్ ఫిలిప్ ఓయ్‌లెన్‌బుర్గ్ అంతకుముందు కోర్టులో ప్రమాణం చేసి తానెన్నడూ అలాంటి పని చేయలేదన్నాడు. దాన్ని అబద్ధమని తేలిస్తే 175వ సెక్షన్ అక్కర్లేదు, తప్పుడు ప్రమాణం కేసు చాలు. హార్డెన్ తనకు తెలిసిన ఒక సంపాదకుడి చేత తన మీదే ఆరోపణ రాయించుకున్నాడు, ఓయ్‌లెన్‌బుర్గ్ దగ్గర డబ్బు తీసుకుని నోరు మూసుకున్నాడని. తర్వాత ఆ సంపాదకుడి మీద మ్యూనిక్‌లో దావా వేశాడు. ఆ దావాలో సాక్షిగా 1908 ఏప్రిల్‌లో యాకబ్ ఎర్న్‌స్ట్ అనే జాలరిని రప్పించాడు. ప్రిన్స్‌తో తనకు సంబంధం ఉండేదని జాలరి ప్రమాణం చేసి చెప్పాడు. ఓయ్‌లెన్‌బుర్గ్ మీద తప్పుడు ప్రమాణం కేసు నడిచింది. ఆయన్ని స్ట్రెచర్ మీద కోర్టుకు మోసుకొచ్చారు. విచారణ మధ్యలో ఆగిపోయింది, 1909లో మళ్లీ మొదలై మళ్లీ ఆగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి డాక్టర్లు వచ్చి పరీక్షించి, విచారణకు పనికిరాడని రాసి వెళ్లేవారు. 1921లో ఆయన చనిపోయాడు.

ఈ గొడవలో అసలు నష్టపోయింది పేరూ ఊరూ లేని మామూలు గేలు. జర్మనీ పౌరుషాన్ని వీళ్లు దెబ్బతీస్తున్నారన్న మాట వాడుకలోకి వచ్చింది. పత్రిక నడిపే ఆడోల్ఫ్ బ్రాండ్ ఏకంగా చాన్సలర్ బ్యూలో కూడా గేనే అని రాశాడు, రుజువు చేయలేక పద్దెనిమిది నెలల జైలుకు పోయాడు. 175వ సెక్షన్ రద్దు కోసం హిర్ష్‌ఫెల్డ్ నడిపే సంఘానికి విరాళాలిచ్చేవాళ్లు ముఖం చాటేశారు.

డాక్టర్ల చేతిలో

హిర్ష్‌ఫెల్డ్ 1897 మేలో బెర్లిన్‌లో ఆ సంఘం పెట్టాడు. 175వ సెక్షన్ రద్దు చేయాలంటూ వాళ్లు తిప్పిన అర్జీ మీద కాలక్రమంలో వేల సంతకాలు చేరాయి, ఐన్‌స్టీన్ సంతకం కూడా. హిర్ష్‌ఫెల్డ్ వాదనకు పునాది ఒక్కటే: ఇది పుట్టుకతో వచ్చే స్వభావం, కాబట్టి శిక్షించడం అన్యాయం. అంకెలు కావాలనుకుని 1903లో షార్లోటెన్‌బుర్గ్ సాంకేతిక కళాశాలలోని 3000 మంది విద్యార్థులకు ప్రశ్నపత్రం పంపాడు. ఆకర్షణ ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా, ఇద్దరి మీదానా, వర్తించే అక్షరం కింద గీత గీస్తే చాలు, పేరు అక్కర్లేదు. వచ్చిన జవాబుల్లో 1.5 శాతం మగవాళ్లన్నారు, 4.5 శాతం ఇద్దరూ అన్నారు. తమను అవమానించాడని కొందరు విద్యార్థులు కేసు వేస్తే కోర్టు ఆయనకు 200 మార్కుల జరిమానా వేసింది.

‘పుట్టుకతో వచ్చింది’ అనే వాదనకు రెండు వైపులా పదును ఉంది. నేరం కాదంటే రోగమా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. రోగమైతే మందు వెతకాలి. ష్రెంక్-నోట్‌జింగ్ అనే డాక్టర్ 1889లో ఒక మనిషిని 45 సార్లు హిప్నటైజ్ చేసి, వేశ్యాగృహానికి పంపి, నయం చేశానని చెప్పుకున్నాడు. వియన్నాలో ఒయ్‌గెన్ స్టైనాక్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, లోపమంతా వృషణాల్లో ఉందనుకున్నాడు. సర్జన్ లిష్టెన్‌స్టెర్న్‌తో కలిసి గే పురుషుడి వృషణం తీసేసి, వేరే మగవాడి నుంచి తీసిన కణజాలం అతికించే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. మొదట్లో విజయం అన్నారు. అతికించిన కణజాలం శరీరంలో నిలవదు, కరిగిపోతుంది. కోరిక మారనే లేదు. 1920ల్లో దాన్ని వదిలేశారు. హిర్ష్‌ఫెల్డ్ అంతటివాడు కూడా కొంతకాలం దీన్ని నమ్మాడు. పుట్టుకతో వచ్చిందన్న తన సిద్ధాంతానికి అది రుజువని ఆయనకు అనిపించింది. ఎవరి వాదన మీద మురిపెం వాళ్లకుంటుంది. ఫ్రాయిడ్ దారి వేరు. 1935లో ఒక అమెరికన్ తల్లికి రాసిన ఉత్తరంలో, మీ అబ్బాయిది సిగ్గుపడాల్సిన విషయం కాదు, రోగమని చెప్పలేం అన్నాడు.

మన దగ్గర

బ్రిటిష్ వాళ్లు తమ చట్టం సారాన్ని 1860లో భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌గా రాశారు. 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదేళ్లు లేదా యావజ్జీవం. ఇక్కడ కూడా ‘ప్రకృతి విరుద్ధం’ అన్నారే తప్ప నిర్వచనం లేదు. 1925లో సింధ్ కోర్టు ఖానూ కేసులో దాన్ని వెడల్పు చేసింది: సంభోగానికి సహజ ప్రయోజనం సంతానం, అది సాధ్యపడని ముఖమైథునం కూడా నేరమే. ఆ కేసులో బాధితుడు పసివాడు. అత్యాచారం సెక్షన్ ఆడవాళ్లకే వర్తించేది కనుక అబ్బాయిల మీద దౌర్జన్యాన్ని 377 కిందికే తెచ్చేవారు. పసివాడి మీద దాడికి, ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టానికి ఒకే సెక్షన్. ఈ కలగాపులగం వల్ల పాత తీర్పులు చదివేటప్పుడు ఏ కేసు ఏ రకమో విడదీసుకోవాలి.

ఈ సెక్షన్‌ను పోలీసులు వాడిన తీరు 1884 నాటి ఖైరాతీ కేసులో కళ్లకు కడుతుంది. ఆడవేషంలో ఆడవాళ్ల మధ్య పాటలు పాడుతున్న ఖైరాతీని అరెస్టు చేసి, సివిల్ సర్జన్‌తో ఒళ్లు పరీక్ష చేయించారు. ఆ ఆనవాళ్ల మీదే సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో నేరం జరిగిందో చెప్పని కేసు నిలవదని అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది.

హైదరాబాద్ కథ వేరే. నిజాం సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. అనుమానం ఉన్న వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ పేరున్న మనిషి ఆడబట్టలు కట్టుకుని బయట ఆడిపాడితే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్ల లోపు అబ్బాయి ఇంట్లో ఉన్నా అంతే. హిజ్రాల సంగతినీ గే పురుషుల సంగతినీ ఒకటిగా చూడకూడదు. బెర్లిన్‌లోనూ ఇక్కడా కలిసేది ఒక్క చోట: నేరం రుజువు కాకముందే పేరు రాసుకోవడం. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది.

ఒక్క మాట మార్చితే

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, రాచరికం పోయి వచ్చిన వైమార్ గణతంత్రం రోజుల్లో జర్మనీలో గాలి మారింది. 1919 జులైలో హిర్ష్‌ఫెల్డ్ టీర్‌గార్టెన్ దగ్గర లైంగిక శాస్త్ర సంస్థ తెరిచాడు. లెస్బియన్ల కోసం 1924లో పత్రిక వచ్చింది. అదే ఏడాది హనోవర్‌లో హార్మన్ అనే వరస హంతకుడు దొరికాడు. చంపింది అబ్బాయిలను, పైగా పోలీసుల ఇన్‌ఫార్మర్. పోలీసుల తప్పు వెనక్కిపోయి అందరు గేల మీదా మచ్చ పడింది. అయినా 1929 అక్టోబర్ 16న పార్లమెంటు కమిటీ 175వ సెక్షన్ తీసేయాలని 15-13 ఓట్లతో తీర్మానించింది. ఆ ప్రతిపాదన సభ ముందుకు రానేలేదు.

1933 మే 6న నాజీ విద్యార్థులు హిర్ష్‌ఫెల్డ్ సంస్థను దోచారు, నాలుగు రోజుల తర్వాత పుస్తకాలు తగలబెట్టారు. విదేశాల్లో ఉన్న హిర్ష్‌ఫెల్డ్ మళ్లీ తిరిగి రాలేదు, 1935లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చనిపోయాడు. అదే ఏడాది జూన్‌లో సెక్షన్‌కు చేసిన సవరణ చూడటానికి చిన్నది. ‘ప్రకృతి విరుద్ధ’ అన్న మాట తీసేశారు. దాంతో ‘సంభోగాన్ని పోలిన చర్య’ ఉండాలన్న పాత అడ్డు పోయింది. తాకడం నేరం, చివరికి చూపు కూడా కేసుకు చాలిపోయింది. కొత్తగా చేర్చిన 175ఏ కింద కొన్ని సందర్భాల్లో పదేళ్ల కఠిన శిక్ష. 1933లో 853గా ఉన్న శిక్షలు 1938లో 8562కి చేరాయి. పాత రిజిస్టర్లు సిద్ధంగా ఉన్నాయి, 1936లో వాటికి తోడు ప్రత్యేక కేంద్ర కార్యాలయం వచ్చింది. నాజీల కాలమంతటా సుమారు 50,000 మందికి శిక్ష పడింది. 5,000 నుంచి 15,000 మందిని నిర్బంధ శిబిరాలకు పంపారు.

1945లో శిబిరాలు తెరుచుకున్నాక యూదులు, రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. 175 కింద మిగిలిన శిక్ష ఉన్న కొందరిని మాత్రం మామూలు జైళ్లకు మార్చారు. పశ్చిమ జర్మనీ నాజీల పాఠాన్నే 1969 దాకా ఉంచుకుంది. 1957లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లుతుందంది. ఆ కాలంలో మరో 50,000 మందికి శిక్ష పడింది. సెక్షన్ పూర్తిగా పోయింది 1994లో. నాజీ కాలపు తీర్పులను 2002లో, యుద్ధం తర్వాతి తీర్పులను 2017లో రద్దు చేశారు. రద్దయిన ఒక్కో తీర్పుకు 3000 యూరోలు, జైల్లో గడిపిన ఒక్కో ఏడాదికి 1500 యూరోలు పరిహారంగా నిర్ణయించారు. అప్పటికి బతికి ఉండి దరఖాస్తు పెట్టుకోగలిగిన వాళ్లకే ఆ డబ్బు.